అవ్వ చాప మీద చోటు

నిన్న మా చర్చిలో కల్లు వాసన గుప్పుమంది. నాకు రోత పుట్టింది మాత్రం ఆ వాసనకు కాదు.

తాగొచ్చిన ఒక కొత్త మనిషి వెనక కూర్చుని ఏడుస్తున్నాడు. సంఘపెద్ద సామేలు మామ ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"లే, బయటికి నడువ్! ఇది దేవుని ఇల్లు, కల్లు దుకాణం గాదు."

అలియాబాద్‌లో మన చిన్నప్పటి ఈ రేకుల షెడ్డు చర్చి గుర్తుందా దోస్తులూ? ఎండకు టపటపమనే రేకులు, మనం అందరి చెప్పులూ తారుమారు చేసిన ఆ గుమ్మం? ఆ గుమ్మంలోంచి ఒకనాడు తూలుకుంటూ వచ్చింది ఈ సామేలు మామే! అందరూ ముక్కు మూసుకుంటే మా అవ్వ తన ఈతచాప మీద పక్కకు జరిగింది.

"ఇట్ల కూసో బిడ్డా, ఏడ్వు, ఏం గాదు."

ఆయన నిజంగానే మారాడు. మళ్లీ కల్లు ముట్టలేదు.

నిన్న ఆ కొత్త మనిషి తలవంచుకుని వెళ్లిపోయాక, మామ లేచి ఎప్పటి సాక్ష్యమే చెప్పాడు.

"నేను గూడ తాగుబోతునే. ప్రభువు నన్ను లోపలికి గుంజిండు."

అందరూ ఆమెన్ అన్నారు. అసహ్యమేసి లేచి అడిగాను.

"మామా, నిన్ను ప్రభువు లోపలికి గుంజిండు. మరి ఆ ఏడ్చే మనిషిని బయటికి నూకింది ఎవరు?"