కొలవని నోరు

ఫెర్డో రోజూ పొద్దున్నే, నిప్పు నుంచి కాపాడే ఫ్లోరియన్ పునీతుడి పటానికి దణ్ణం పెట్టి, పెరట్లోని కట్టెల వరుసను అరచేత్తో తడిమి వచ్చేవాడు. రెండేళ్లు ఎండిన మీటరు పొడుగు దుంగలవి, గోడ కట్టినట్టు పేర్చాడు. పక్కింటి సిల్వో సాయం వస్తానన్నా వద్దని, కట్టెలతో ఇల్లు వెచ్చబెట్టే పాత బాయిలరును మూడు వారాలు తంటాలు పడి ఒక్కడే నేలమాళిగలో బిగించాడు. తీరా మొదటి దుంగ పెట్టబోతే సగం బయటే ఉండిపోయింది.

"తలుపు కొలిచావు, మెట్లు కొలిచావు. దాని నోరు కొలవలేదా, మహానుభావా?" అంది భార్య లెంకా దగ్గుతూ. ఆమె వంటింట్లో కూడా కోటు విప్పడంలేదు.

ఫెర్డో దుంగను నేలకేసి కొట్టాడు. మళ్లీ తీసి, మట్టి తుడిచి పక్కన పెట్టాడు. కొండమీద అప్పుడే మంచు పడుతోంది. కట్టెలన్నీ రెండేసి ముక్కలుగా కోయాలి. కంచె దగ్గరికెళ్లి టోపీ తీశాడు.

"సిల్వో, నీ రంపం కావాలి."

"దానికేం, పట్టుకెళ్లు."

ఫెర్డో కదల్లేదు. "రంపం ఒక్కటే కాదురా. నువ్వు కూడా రా."