కుంకుమ పెట్టిన ఫ్లాపీ

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నరసరావుపేటలో కంప్యూటర్ల రిపేరు షాపు నాది. అర్థంకానిదల్లా లూజు కనెక్షనే అని ఇన్నేళ్లూ నమ్మాను. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

పోయిన ఎండాకాలం పిడుగురాళ్ల నుంచి శివపార్వతి అనే అమ్మాయి వచ్చింది. సంచిలోంచి పసుపు గుడ్డలో చుట్టిన ఫ్లాపీ ఒకటి తీసింది. నెలల పిల్లగా ఉన్నప్పుడే ఆమె తల్లి పోయింది. ఉన్న ఒక్క ఫోటోనీ పెద్దది చేయించాలని తండ్రి స్టూడియోలో ఇస్తే, వాళ్లు అసలుది పోగొట్టి, స్కాన్ చేసిన ఈ ఫ్లాపీ చేతిలో పెట్టారట. మళ్లీ ఎవరికైనా ఇస్తే ఇదీ పోతుందని ఆయనకు భయం. దాన్నే దేవుడి గూట్లో పెట్టి, ముత్తయిదువుగా పోయిన భార్య కదా అని, పండగ పండక్కీ కుంకుమ బొట్టు పెడుతూ వచ్చాడు. ఇప్పుడు ఆయనా లేడు. అమ్మ ముఖం ఎలా ఉంటుందో ఈ పిల్లకు తెలియదు.

"ఫ్లాపీకి కుంకుమ ఏందమ్మా! లోపలికి పోతే ఇంకేం మిగులుద్ది?" అని కసిరాను.

"అమ్మ అందులోనే ఉందిగా అన్నా" అంది.

విప్పి చూస్తే నేను భయపడినంతా అయింది. లోపలి పల్చటి బిళ్ల మీద కుంకుమ గీతలు. కొన్నిచోట్ల ఫోటోను దాచుకునే పూత పోయి అవతలి ట్యూబ్‌లైటు కనిపిస్తోంది. స్పిరిట్‌తో తుడిచి, ఇంకో ఫ్లాపీ డొప్పలోకి మార్చి, లాప్‌టాప్‌కు తగిలించిన డ్రైవ్‌లో పెట్టాను. కరకరమని శబ్దం. తిరిగేకొద్దీ పూత ఇంకాస్త రాలుతుందని నాకు తెలుసు. ఆపితే ఏమీ రాదు, ఆపకపోతే ఉన్నదీ పోతుంది.

ఫోటో పైనుంచి కొద్దికొద్దిగా దిగింది. పాపిట, నుదుటి బొట్టు, కళ్లు. చిరాగ్గా చూస్తున్న కళ్లు. అక్కడ ఆగిపోయింది. కింద అంతా బూడిదరంగు.

"నోరు కూడా చూడాలన్నా" అంది శివపార్వతి.

డ్రైవ్‌లో చేరిన పొడి తుడుద్దామని ఫ్లాపీ బయటికి తీశాను. డ్రైవ్ ఖాళీ. అయినా మళ్లీ కరకరమంది. స్క్రీన్ మీద బూడిదరంగు కిందికి జరిగింది. ముక్కు, పెదాలు, గడ్డం, మెళ్లో నల్లపూసలు. ఫ్లాపీ నా చేతిలోనే ఉంది. ఆ పిల్ల అదేమీ గమనించలేదు. స్క్రీన్‌కు చెయ్యి ఆనించి, "అమ్మ నవ్వుతా ఉందన్నా" అని ఏడ్చేసింది.

ఫోటో అంతా ముందే మెమరీలోకి వచ్చి ఉంటుందని తోటి మెకానిక్ ఒకడు తేల్చేశాడు. నేనూ అలాగే సరిపెట్టుకునేవాణ్ణి. కానీ నేను తీసిచ్చిన ప్రింటు చూసిన శివపార్వతి మేనత్త, దాన్ని పట్టుకుని మా షాపుకే వచ్చింది.

"ముఖం మా వదినదే. కానీ ఫోటో దిగిన రోజు పన్ను నొప్పి, మూతి ముడుచుకునే దిగింది. ఉన్న ఒక్క ఫోటోలోనూ నవ్వలేదని మా అన్న చానా బాధపడేవాడు. ఈ నవ్వు ఎక్కడిది నాయనా?"

ఆ ఫ్లాపీ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా పాపిట కూడా రాలేదు.

శివపార్వతి ఫోటోకు పటం కట్టించుకుంది. ఫ్లాపీ వెనక్కి తీసుకెళ్లేటప్పుడు, పటంతో పాటు దీనికి కూడా బొట్టు పెట్టొచ్చా అన్నా అని బెదురుతూ అడిగింది.

పెట్టమనే చెప్పాను.