మాచర్ల పార్కులో మోపు దించే బండ

మాచర్లలో ట్రాలీ స్టేషన్ తీసేసి పార్కు చేస్తున్నారనీ, మా అక్కా బావా మాట్లాడుకోవడం మానేశారనీ నాకు ఒక్కసారే తెలిసింది. రెంటికీ సంబంధమేమిటో కబురు తెచ్చిన లారీ డ్రైవరు చెప్పలేకపోయాడు. శనివారం నేను పాఠాలు చెప్పే బడి ఒంటిపూటే. మధ్యాహ్నం మాచర్ల బండెక్కాను.

పెట్టె నిండా మిరపకాయ బస్తాలు. పిడుగురాళ్ల దాకా తుమ్ముతూనే ఉన్నాను, అక్కడ సున్నం బట్టీల పొగ తోడైంది. నడికుడిలో వడలు తిని టీ తాగాను. మీరు వెళ్తే అక్కడే కడుపు నింపుకోండి, ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ దొరకలేదు నాకు. ఎదుటి సీట్లో రెంటచింతల రైతుకు పార్కు సంగతి చెప్పాను.

"పార్కంటే ఏంది? కూచోటానికేనా?" అన్నాడాయన.

అవునన్నాను.

"ఊరికే కూచోటానికి రైలెక్కి పోతన్నావా! చానా తీరిక నీకు."

పొద్దు వాలుతుండగా మాచర్లలో దిగాను. క్వారీ నుంచి నాపరాళ్లను చిన్న పట్టాల మీద ట్రాలీల్లో తోసుకొచ్చి రైల్వే యార్డు పక్కన దించేవారు. ఆ చోటే ట్రాలీ స్టేషన్. బావ యేసోబు అక్కడ ట్రాలీ తోశాడు, అక్క సుగుణమ్మ రాళ్లు మోసింది. లారీలొచ్చాక ట్రాలీలు ఆగిపోయాయి. ఇప్పుడు పట్టాలు లేపేసిన జాడలో కానుగ మొక్కలు, గన్నేర్లు. రాతి దుమ్ము తప్ప ఎరగని ఆ నేల పచ్చబడటం చూస్తే నిజంగా సంతోషమేసింది.

పార్కు పనిలోనే ఉన్న బావ నన్ను చెయ్యి పట్టుకుని ఒక బండ దగ్గరికి లాక్కెళ్లాడు. ఇదివరకు అది రెండు రాతి కాళ్ల మీద భుజమెత్తున ఉండేది. నెత్తిన బరువుతో వచ్చిన ఆడవాళ్లు మోపును దాని మీదికి జార్చి, ఊపిరి తీసుకుని, ఎవరినీ పిలవకుండా మళ్లీ నెత్తికెత్తుకునేవారు. బావ ఆ కాళ్లను లోతుగా పాతేసి బండను బెంచీ చేశాడు.

"మీ అక్క ఈడ కూచోంగ ఒక్కనాడన్నా చూసినావురా? ఇంక కూచుంటది," అన్నాడు మురిసిపోతూ.

అంతలో అక్కే వచ్చింది, నెత్తిన గేదెకు కోసిన గడ్డిమోపుతో.

"ఒరేయ్ తమ్ముడా, ఈ మోపు యాడ దించాల్నో మీ బావనడుగు," అంది.

"నే దించుతానని చెప్పరా!" అన్నాడు బావ.

"ఇయ్యాల మీ బావ ఉంటాడు. రేపు కట్టెలమ్ముకునేవోళ్లకి ఎవురు దించుతారు? ఎవురెత్తుతారు?"

మోపు దించకుండానే వెళ్లిపోయింది. బావ మొహం చిన్నబోయింది. సోమవారం మేస్త్రీ సిమెంటు పోస్తే బండ ఇక కదలదు. ప్రేమతో చేసిన పనికి తిట్లు తినడం కంటే కష్టం లేదు. నాకు ఇద్దరి మీదా జాలేసింది.

ఆ రాత్రి అక్క జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి వడ్డించింది. ఉప్పు కావాలన్నా బావ నన్నే అడిగాడు.

ఆదివారం బావ గుడికి రాలేదు. ప్రార్థన అయ్యాక వెళ్లి చూస్తే, నలుగురు పాత ట్రాలీవాళ్లతో గునపాలేసి బండ లేపుతున్నాడు. నేనూ చొక్కా విప్పాను. నా అరచేతులు బొబ్బలెక్కితే "పంతులు చేతులు" అని అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి బండ మళ్లీ భుజమెత్తు లేచింది. బావ వెళ్లి, మూలన పడున్న ట్రాలీ చెక్కను తెచ్చి, బండ కింద నీడలో రాళ్ల మీద పరిచాడు.

సాయంత్రం నా బండికి ముందు అక్క గడ్డితో వచ్చింది. బండను చేత్తో తడిమి మోపు జార్చింది. కిందున్న చెక్కను చూసింది.

"ఇదేంది?" అని సూటిగా బావనే అడిగింది.

"నే తోసిన ట్రాలీయే. నువ్వెప్పుడూ ఎక్కలేదుగా, ఎక్కు."

అక్క ఫక్కున నవ్వింది.

రైలు యార్డు దాటుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టాను. బండ మీద గడ్డిమోపు. దాని నీడలో అక్క, ఊరికే కూర్చుని ఉంది.