పైసలు లేని వాటు

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి సందులోకి తిరగగానే జిరాక్స్ దుకాణాల నుంచి వేడి కాగితం వాసన వస్తుంది. ఇప్పటికీ ఆ వాసనకు ఖలీల్ భాయ్ గుర్తొస్తారు. పంజాగుట్టలో నా మొదటి ఉద్యోగంలో ఆయన మా టీముకు పెద్ద. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం మా పని. స్క్రీన్ మీది టిక్కును ఆయన నమ్మేవారు కాదు. ప్రతి పరీక్షా ప్రింటు తీసిన కాగితం మీద ఉండాలి, చూసినవాళ్లు ఎర్ర సిరాతో టిక్కు పెట్టాలి, కింద ఆయన సంతకం చేయాలి. ఇదేం చాదస్తమని హాస్టల్లో నవ్వుకునేదాన్ని.

అప్పుడు వనువాటు అనే పసిఫిక్ ద్వీపదేశంలో ఒక హోటల్‌కు జీతాల ప్రోగ్రామ్ చేస్తున్నాం. మర్నాడే అక్కడ జీతాల రోజు. సాయంత్రం నాలుగింటికి పంపాలి. నా ప్రొబేషన్ ఆ వారంతో ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం కాకపోతే హాస్టల్ ఖాళీ చేసి సిద్దిపేట బస్సెక్కడమే. రూపాయల్లో చూశాను, డాలర్లలో చూశాను, అంతా బాగుంది. వాళ్ల డబ్బు పేరు వాటు. ఏ డబ్బయినా డబ్బే కదా అని, చూడకుండానే టిక్కు పెట్టేశాను. నా మీద నమ్మకంతో ఖలీల్ భాయ్ సంతకం చేసి, కలం మూత పెడుతూ అడిగారు.

"వాటు సుత చూసినవా బేటా?"

"చూసిన భాయ్."

"చుక్క తర్వాత ఏమున్నది?"

రూపాయల్లో చూసిందే చెప్పేశాను. "రెండు సున్నాలు."

ఆయన చేయి ఆగిపోయింది. "వాటుకు పైసలే లేవు. వాళ్ల భాషల వాటు అంటే రాయి. రాయికి చిల్లర ఉంటదా? జర ఫైలు తెరువు."

తెరిచాం. నలభై ఐదు వేల జీతానికి మా ప్రోగ్రామ్ పైసలనుకుని రెండు సున్నాలు చేర్చి బ్యాంకు ఫైలులో రాసింది. పైసలు లేని దేశపు బ్యాంకు దాన్ని నలభై ఐదు లక్షలుగా చదువుకుంటుంది. గడియారంలో మూడున్నర.

"మేనేజర్‌కు చెప్పకుండ్రి భాయ్, మనమే సరిచేద్దాం," అని బతిమాలాను. సిగ్గు లేకుండా ఏడ్చాను కూడా.

"అరగంటల కాదు. నీ టిక్కు సంగతి నువ్వే చెప్పాలె. నేను చెప్తే చాడీ అయితది, దాస్తే అబద్ధమైతది."

ఇద్దరం మేనేజర్ గదికి వెళ్లాం. "చూడకుండ టిక్కు పెట్టిన సార్," అన్నాను. మేనేజర్ నోరు తెరవకముందే ఖలీల్ భాయ్ కాగితం ఆయన ముందుకు జరిపారు.

"నేను సుత చూడకనే సంతకం పెట్టిన సార్. ముందు అడగాల్సింది, పెట్టినంక అడిగిన."

ఆ నెల హోటల్ వాళ్లు జీతాలు పాత పద్ధతిలోనే ఇచ్చుకున్నారు. నా ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. బతికిపోయాను అనుకున్నానే గాని, ఆయనకేమైందని అడగాలని తోచలేదు. అంత స్వార్థం నాది. రెండేళ్ల తర్వాత ఖలీల్ భాయ్ ఆ ఆఫీసు వదిలిపోయే రోజున మేనేజర్ మాటల్లో అన్నారు, ఆ సంతకం వల్లే ఆయనకు రావలసిన ప్రమోషన్ ఆగిపోయిందని. పరుగున వెళ్లి నిలదీస్తే, ఆయన సొరుగులోంచి ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టారు. "గిది నీ దగ్గర ఉండనీ. ఫికర్ చెయ్యకు."

ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. వాళ్ల టిక్కుల కింద సంతకం చేసే ముందు ఆ కాగితం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టుకుంటాను. నా ఎర్ర టిక్కు వెలిసిపోయింది. దాని కింద ఆయన పేరు మాత్రం నల్లగా అలాగే ఉంది.