డాక్టరు గారూ, మా అమ్మా, రెండు జతల క్లిప్పులు

మా క్లిప్పుల డాక్టరు గారు పోయారన్న కబురు పొద్దున్నే ఫోన్లో వచ్చింది. ఆ సమయానికి మా అమ్మ వాష్ బేసిన్ దగ్గర నిలబడి, సీసాలు కడిగే బ్రష్షుకి మనవరాలిలా ఉండే ఒక బుల్లి బ్రష్షుతో పంటి క్లిప్పుల సందులు శుభ్రం చేసుకుంటోంది. నాన్న ఫోను పెట్టేసి సంగతి చెప్పారు. అమ్మ నోటి నిండా నురగతో అలాగే ఉండిపోయి, "మరి నా తీగ ఎవరు మారుస్తారండీ?" అంది. మరుక్షణం తనేమందో తనకే వినిపించినట్టుంది. కుళాయి కట్టెయ్యకుండానే అక్కడే ఏడ్చేసింది.

ఆ మొదటి మాటకి పాఠకులు మా అమ్మను తప్పు పట్టవద్దని మనవి. పద్మారావు నగర్ నుంచి మారేడ్‌పల్లి దాకా ఆ పొద్దున చాలా ఇళ్లలో అదే ప్రశ్న పుట్టి ఉంటుంది. కొందరు మర్యాదకి పైకి అనలేదు, అంతే. ఆయన చేతిలో సగంలో ఉన్న నోళ్లు అన్ని ఉన్నాయి మరి.

నేను ఆయన దగ్గరికి ఇంటర్ చదువుతుండగా వెళ్లాను. శ్రీకాకుళం నుంచి నాన్న రైల్వే ఉద్యోగం మీద సికింద్రాబాదు వచ్చేటప్పుడు మా కుటుంబం వెంట తెచ్చుకున్న స్థిరాస్తి ఎత్తుపళ్లు. అమ్మమ్మ నుంచి అమ్మకీ, అమ్మ నుంచి నాకూ ఏ వివాదమూ లేకుండా సంక్రమించాయి. నా పై పళ్లు పెదవి దాటి బయటికి వచ్చి, ఎదురుగా ఎవరొస్తున్నారో నాకంటే ముందు చూసేవి. డాక్టరు గారు చాలాసేపు పరిశీలించి, "పళ్లు మంచిగనే ఉన్నయ్ బేటా. లోపట జాగ చాల్తలేదని బయటికొచ్చినయ్, గంతే" అని వాటి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు.

ఆ మాటన్న నోటివైపు చూసి నాన్న, నేను మొహమొహాలు చూసుకున్నాం. ఆయన పళ్లు పెళ్లి గ్రూప్ ఫోటోలో చుట్టాల్లా ఒకరి భుజం వెనక ఒకరు దూరి ఉన్నాయి. పళ్లు సరిచేసే డాక్టరుకి ఇలాంటి పళ్లా అని నాన్న మొహమాటపడుతూనే అడిగేశారు. "నా చిన్నప్పుడు మా వరంగల్ల పళ్లు పీకేటోళ్లే ఉండిరి సార్, సక్కగ చేసేటోళ్లు లేకుండిరి. ఆ కోపంల నేనీ పనిల వడ్డ" అన్నారాయన.

ఊరంతా సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్న రోజులవి. ఉద్యోగం రాగానే కుర్రాళ్లు ముందు సెల్‌ఫోనూ, తర్వాత బైకూ, ఆ తర్వాత పళ్లూ చూసుకునేవారు. క్లినిక్‌లో వరుసగా మెడలో కంపెనీ కార్డులు వేలాడేసుకుని కూర్చునేవారు. అందరూ కనపడని క్లిప్పులే కావాలనేవారు. ఆయన ఓపిగ్గా రకాలన్నీ బల్ల మీద పరిచేవారు. లోహపు క్లిప్పులు మన సిటీ బస్సు లాంటివట, చూడ్డానికి బాగుండవు గానీ ఎంత వంకర పన్నునైనా ఎక్కించుకుని గమ్యం చేరుస్తాయి. పంటి రంగు సిరామిక్ క్లిప్పులు కొత్త కారు లాంటివి, జాగ్రత్తగా నడుపుకోవాలి. పంటి లోపలివైపు అతికించేవీ ఉన్నాయి, కానీ కొన్నాళ్లు నాలుక ఒరుసుకుపోతుంది, మాట తడబడుతుంది. తీసి పెట్టుకునే పారదర్శకమైన తొడుగులు అప్పుడప్పుడే వస్తున్నాయి, అవి అన్ని రకాల వంకరలకీ సరిపోవు, పైగా తీసి పక్కన పెట్టి మరిచిపోయే మనిషికి అసలు పనికిరావు. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు పట్టుబట్టి సిరామిక్‌వే వేయించుకున్నాడు. నెల తిరిగేసరికి క్లిప్పుల చుట్టూ ఉన్న చిన్న రబ్బర్లన్నీ పప్పులో పసుపుకి పచ్చబడి, దూరం నుంచి నోట్లో బంతిపూల దండ వేసుకున్నట్టు కనిపించాడు. డాక్టరు గారు నవ్వకుండా రబ్బర్లు మార్చి, అతన్ని బయటికి పంపి, తలుపేసుకుని నవ్వారు. మాకు వినిపించింది.

నా క్లిప్పులు తీసిన రోజు ఆయన చెప్పిన మాట ఇప్పటికీ రోజూ పడుకునే ముందు గుర్తొస్తుంది. "పళ్లకి పాత సీటంటే పావురం బేటా, మస్తు ప్రేమ. ప్లేటు పెట్టుకోకుండ ఇడిచిపెట్టినవనుకో, మెల్లగ పోయి ఆడ్నే కూసుంటయ్." రాత్రిళ్లు పళ్లని కదలకుండా పట్టి ఉంచే ఆ ప్లేటు నేను మానలేదు. మా అమ్మమ్మ వంశంలో పెదవులు పూర్తిగా మూసుకోగలిగిన మొదటి మనిషిగా ఆ మాత్రం బాధ్యత నాకుంది.

అసలు కథ ఆ రోజే మొదలైంది. ఆయన నా చేతికి అద్దం ఇచ్చారు. నేను తనివితీరా చూసుకుని అమ్మకిచ్చాను, నా పళ్లు చూస్తుందని. అమ్మ అద్దాన్ని తన వైపు తిప్పుకుంది. ఒక్క క్షణం. పెదవి కొద్దిగా ఎత్తి, తన పళ్లు చూసుకుని, అద్దం బోర్లా పెట్టేసింది. నాన్న చూడలేదు. నేను చూసి కూడా ఏమీ అనుకోలేదు. ఆయన మాత్రం చేతి తొడుగులు విప్పుతున్నవారల్లా ఆగి, "నీకు సుత చేద్దామా చెల్లె?" అన్నారు.

అమ్మ కంగారుపడిపోయింది. "ఏటండీ డాక్టరు గారూ! కోడల్ని తెచ్చుకునే వయసులో నేను నోట్లో ఇనుము పెట్టుకు తిరిగితే వీధంతా నవ్వదూ?"

చిగుళ్లు, ఎముక గట్టిగా ఉంటే వయసుతో పని లేదనీ, పిల్లలకంటే కాస్త నెమ్మదిగా కదులుతాయి తప్ప కదలకపోవనీ ఆయన వివరించారు. అమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అప్పుడాయన అన్నారు: "నాది నీకన్న మస్తు ఎక్కువ ఉమర్. నేను సుత ఏస్కుంట. నవ్వితె ఇద్దర్ని నవ్వుతరు. మంజూరా?"

హాస్యానికంటున్నారనుకుని అమ్మ సరేనంది. మరుసటి వారం వెళ్లేసరికి తలుపు తీసి ఎదురొచ్చిన ఆయన నోరు మెరిసిపోతోంది. తన దగ్గర పనిచేసే చిన్న డాక్టరమ్మ చేత వేయించుకున్నారట. ఇక అమ్మకి తప్పించుకునే దారి లేదు.

అన్నేళ్లుగా ఆ కుర్చీ పక్కన నిలబడ్డ మనిషి అందులో పడుకోవడం అదే మొదటిసారి. పై లైటు కళ్లలో ఇంతలా కొడుతుందని ఎవరూ చెప్పలేదేమని చిన్న డాక్టరమ్మను అడిగారట. నోట్లో రెండు చేతులూ, ఒక గొట్టమూ ఉండగా ఎవరు చెబుతారండీ. మర్నాటి నుంచి అక్కడ రోగులకి నల్ల కళ్లద్దాలు ఇవ్వడం షురూ అయింది. ఇక అమ్మకీ క్లిప్పులు వేసి, ఇద్దరి తీగలూ బిగించిన సాయంత్రం ఆయన మా ఇంటికి ఫోను చేశారు. అమ్మ స్పీకరు నొక్కింది.

"చెల్లె, అన్నం తిన్నవా?"

"జావ తాగానండి. నమలలేకపోతున్నాను."

"నేను సుత. ఇంత తక్లీఫ్ ఉంటదని నాకు తెల్వకపాయె. ఇన్నేండ్ల సంది అందరికి జెర బిగుతుగ అనిపిస్తది గంతే అని చెప్పుకుంట వచ్చిన. మాఫ్ చెయ్."

ఆ తర్వాత ఆయన ఎవరికీ ఆ వాక్యం చెప్పలేదు. "రెండు రోజులు నొస్తది. మెత్తగ తినుండ్రి, ఉప్పునీళ్లు పుక్కిలించుండ్రి, తీగ గుచ్చుకుంటె జెర మైనం అద్దుండ్రి. నాకు సుత నొచ్చింది" అని చెప్పేవారు. ఆ చివరి మాటకి మందు కన్నా ఎక్కువ గుణం ఉందని వేచి ఉండే గదిలో నేను చాలాసార్లు గమనించాను.

గట్టివి కొరకొద్దన్న నియమాన్ని ముందు అతిక్రమించింది మా అమ్మే. చెగోడీలు మానింది, వేయించిన పల్లీలు మానింది, జామకాయని ముక్కలు కోసుకుంది. కానీ కొత్త ఆవకాయలో టెంక ముక్కని చీకకుండా అన్నం ముగించడం మా వైపు ఆడవాళ్లకి రాదు. చీకుతూ చీకుతూ అలవాటుగా కొరికింది. ఊడిన క్లిప్పుని కుంకుమ భరిణెలో పెట్టుకుని క్లినిక్‌కి వెళ్లి, ఇడ్లీ తింటుంటే ఊడిందని గంభీరంగా చెప్పింది. ఆయన ఆ పంటి దగ్గర తీగ మీద ఎర్రటి ఆవపిండి చూసి, "మీ శ్రీకాకుళంల ఇడ్లీకి టెంక ఉంటదా చెల్లె?" అన్నారు. అమ్మ నవ్వాపుకోలేకపోయింది. బక్రీదు తర్వాత వారం ఆయనే ఊడిన క్లిప్పుతో కనిపించారు. అమ్మ అడక్కముందే చెయ్యెత్తి, "నల్లిబొక్క. మూలుగ కోసం కొరికిన" అని నేరం ఒప్పుకున్నారు.

అన్నిటికంటే నాకు నచ్చిన దృశ్యం కార్ఖానా ఏరియాలో ఒక పెళ్లి భోజనం తర్వాతది. క్లిప్పులున్నవాళ్లు తిన్న ప్రతిసారీ తోముకోవాలి. బయట తోముకోవడానికి అమ్మకి సిగ్గు, అందుకని పెళ్లిళ్లలో రెండు మెతుకులు కతికి వచ్చేసేది. ఆ రోజు డాక్టరు గారు షేర్వాణీ జేబులోంచి దర్జాగా బ్రష్షు తీసి, చేతులు కడుక్కునే చోట అంతమంది మధ్య నిలబడి తోముకోవడం మొదలుపెట్టారు. పెళ్లివారు నోరు తెరుచుకుని చూశారు. అమ్మ ఒక నిమిషం తటపటాయించి, హ్యాండ్‌బ్యాగు తెరిచి, తన బ్రష్షు తీసుకుని వెళ్లి ఆయన పక్కన నిలబడింది. పట్టుచీరా, షేర్వాణీ, మధ్యలో నురగ. నాన్న కాసేపు వాళ్లెవరో తనకి తెలియనట్టు నిలబడ్డారు. అమ్మ వెనక్కి వచ్చి డబుల్ కా మీఠా వేయించుకుంది, తిని మళ్లీ వెళ్లి తోముకుంది.

ఆయన నిద్రలోనే పోయారు, గుండె ఆగి. మేం వెళ్లేసరికి ఇంటి ముందు ఆయన సరిచేసిన పలువరసలన్నీ ఏడుస్తూ నిలబడి ఉన్నాయి. లోపల ఆయన భార్య అమ్మ చెయ్యి పట్టుకుని, "నిన్న సుత మంచిగ బ్రష్ చేసుకొనే పండుకున్నడమ్మా" అంది. క్లిప్పులతోనే ఆయన్ని సాగనంపారు.

ఇంటికొచ్చాక అమ్మ తన క్లిప్పులు తీయించేస్తానంది. ఒప్పందం పెట్టుకున్న మనిషే లేకపోయాక తనొక్కతే ఎవరి కోసం నవ్వులపాలవ్వాలని ప్రశ్న. నేను ఒకటి రెండు జోకులు వేసి చూశాను, పేలలేదు.

క్లినిక్ మళ్లీ తెరిచాక అమ్మను నేనే తీసుకెళ్లాను. చిన్న డాక్టరమ్మ అమ్మ నోరు చూసి, ముందు పళ్లు చాలావరకు లోపలికి వచ్చాయనీ, ఇక్కడితో ఆపి ప్లేటు ఇవ్వొచ్చనీ, కానీ పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా ఒకదానికొకటి ఆనాలంటే ఇంకొన్ని నెలలు పడుతుందనీ చెప్పింది. తేడా చూపించడానికి అద్దాల బీరువాలోంచి అమ్మ పళ్ల పాత అచ్చు తీసింది. వైద్యం మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరి పళ్లకీ తెల్ల ప్లాస్టర్‌తో అచ్చు తీసి ఉంచుతారు. అమ్మ అచ్చు ఉన్న అరలో, దాన్ని ఆనుకునే ఇంకొకటి ఉంది. ఎవరిదో అడగక్కర్లేదు. ఆ గ్రూప్ ఫోటో సికింద్రాబాదు మొత్తంలో ఒక్కరిదే.

అమ్మ దాన్ని రెండు చేతులతో తీసుకుని, ముందుకొచ్చిన ఒక పన్ను మీద బొటనవేలు ఆనించింది.

"ఈయనవి నావాటి కన్నా అన్యాయంగా ఉండేవి" అంది. తర్వాత, "ఆ సంగతి ఎప్పుడూ అననిచ్చారు కాదు" అంది.

అచ్చు నా చేతుల్లో పెట్టి వెళ్లి కుర్చీలో పడుకుంది.

"కొత్త తీగ వెయ్యమ్మా."

చిన్న డాక్టరమ్మ లైటు వెలిగించింది. అమ్మ నోరు బార్లా తెరిచింది. పాత తీగ బయటికి వస్తున్న సన్నటి చప్పుడు వింటూ నేను స్టూలు మీద కూర్చున్నాను. ఒళ్లో డాక్టరు గారి పై వరస, కింది వరస, తెల్లగా, వంకరగా ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. వాటికి పెదవులు లేవు కదా, ఎటు తిప్పి చూసినా నవ్వుతూనే కనిపించాయి.