అమ్మమ్మ పాసైన పరీక్ష

ఆ రోజుల్లో నాకు లోకంలో సగం మంది మీద కోపం. మిగతా సగం ఇంకా ఎదురుపడలేదు, అంతే. ఇరవై రెండేళ్ళ వయసు, గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ మందుల షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొట్టే ఉద్యోగం, కంకిపాడు నుంచి రోజూ బస్సులో నిలబడి ప్రయాణం. సీటు దగ్గర గొడవ, క్యూ దగ్గర గొడవ, షాపులో టీ నాకు ఆఖర్న ఇస్తున్నారని గొడవ. "ఈ నోరేసుకుని ఎట్టా బతుకుతావే" అని మా అమ్మ తల పట్టుకునేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గూ నవ్వూ రెండూ వస్తాయి. కానీ ఆ నోరే లేకపోతే మా అమ్మమ్మకి వినికిడి మిషన్లు వచ్చేవి కావు. (రావాల్సినవి మొదట రాకుండా చేసింది కూడా ఆ నోరే. దాచడం దేనికి, చెబుతాను.)

అమ్మమ్మ మా చర్చిలో పాట ఎత్తేది. ఎత్తడమంటే, అయ్యగారు (మా వైపు పాస్టరు గారిని అలాగే అంటాం) కీర్తన నంబరు చెప్పగానే ముందు వరసలో లేచి నిలబడి పల్లవి అందుకోవడం. ఆమె అందుకున్నాకే సంఘమంతా గొంతు కలపాలి. నలభై ఏళ్ళుగా అది ఆమె పని. తాతయ్య పోయిన వారానికి కూడా తెల్లచీర కట్టుకుని వచ్చి పాట ఎత్తి వెళ్ళింది. అలాంటి మనిషికి డెబ్బై దాటాక వినికిడి తగ్గిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అయ్యగారి పెదాలు చూసేది, కీబోర్డు వాయించే ఆయన చేతులు చూసేది, పక్కావిడ పుస్తకంలో పేజీ చూసేది. అలా కళ్ళతోనే వింటూ రెండేళ్ళు నెట్టుకొచ్చింది. అయితే శ్రుతి కంటికి కనపడదు కదా. కీబోర్డు ఒక దారి, అమ్మమ్మ ఒక దారి, ఎటు పోవాలో తెలియక మధ్యలో సంఘం. చివరికి అయ్యగారు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, నేల వైపు చూస్తూ "మామ్మగారు చాలా సేవ చేశారండీ. కోత పండగ నుంచి మన సండే స్కూలు టీచరమ్మగారు ఎత్తుతారు" అన్నారు (కోత పండగంటే పంటలో తొలిభాగం చర్చికి కానుకగా తెచ్చే ఆదివారం). నేల వైపు చూసినా ఆయన పెదాలు ఆమెకి అందాయి. "వందనాలు అయ్యగారూ" అని లోపలికెళ్ళి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మా మావయ్య పక్కింట్లోనే ఉంటాడు. సంగతి విని, నేను వినికిడి మిషన్లు పెట్టిద్దామంటే, "పెద్దతనంలో ఎవరికైనా వచ్చేదేగా. ఈ వయసులో మిషన్లెందుకే, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి నీకు పళ్ళు ఊడితే పళ్ళ సెట్టు ఎందుకు కట్టించుకున్నావు మావయ్యా?" అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు, నాకేం దిగులు లేకపోయింది. ఆ శనివారమే అమ్మమ్మని మా షాపు పక్క వీధిలో ఉన్న వినికిడి మిషన్ల దుకాణానికి తీసుకెళ్ళాను. ఏసీ గది, మెత్తటి సోఫా, టై కట్టుకున్న అబ్బాయి. "ఇది మా దగ్గర అన్నిటికన్నా తక్కువదండీ" అని అతను చెప్పిన ధర నా ఏడాది జీతం. "ఈ రేటుకి పక్కన కూర్చుని చెవిలో చెప్పడానికి మనిషిని కూడా ఇస్తారా అండీ?" అని అడిగాను. అతను నవ్వలేదు, వాయిదాల కాగితం తీశాడు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి, ఎక్కడో ఒకచోట ఈవిడకి మిషన్లు పెట్టించకపోతే నా పేరు మార్చుకుంటానని గట్టిగానే శపథం చేశాను. విన్నది రోడ్డు మీద ఆటో అతను ఒక్కడే.

తర్వాత కొన్నాళ్ళకి మంగళగిరిలో ఒక కల్యాణ మండపంలో ఉచిత క్యాంపు పెడుతున్నారని తెలిసింది. ముందు పరీక్ష చేస్తారు, వినికిడి బాగా తగ్గినవాళ్ళకే మిషన్లు ఇస్తారు. ఇదిగో, నేను కొంప ముంచింది ఇక్కడే. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని నేను, పరీక్ష అన్న మాట వినపడితే నాకు ఒకటే అర్థం. వారం రోజులు అమ్మమ్మకి కోచింగ్ ఇచ్చాను. ఫోన్లో బీప్ శబ్దం పెట్టి, "వినపడగానే వేలెత్తాలి అమ్మమ్మా, ఒక్కటి కూడా వదలకూడదు" అని తోమేశాను. ఆ రోజు ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, ప్రార్థన చేసుకుని మరీ బయల్దేరింది. క్యాంపులో బల్లకి అవతల ఒకతను మిషన్ పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మమ్మ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి బటన్లు నొక్కడం మొదలుపెట్టాడు. అతని బొటనవేలు కదలడం, ఈవిడ వేలు లేవడం. రెండేళ్ళు కీబోర్డు ఆయన చేతులు చూసిన కళ్ళు కదా, ఒక్కటి కూడా తప్పలేదు. నేను వెనక నిలబడి మురిసిపోయాను. "మామ్మగారికి బాగానే వినపడుతోందండీ. మిషన్ అవసరం లేదు" అన్నాడతను. అమ్మమ్మ నా వైపు తిరిగి "పాసయ్యానా?" అంది. ఏడవాలో నవ్వాలో తెలియక "పాసయ్యావు" అన్నట్టు తలూపాను.

అప్పుడు వెలిగింది నా బుర్ర. "మళ్ళీ చెయ్యండి, ఆవిడ మీ చేతులు చూసి వేలెత్తింది" అన్నాను. "వెనక ఎంతమంది ఉన్నారో చూడండి మేడం, రిపోర్టు రాసేశాను" అన్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నేను అతని బల్ల ముందున్న కుర్చీలో కూర్చుని కదలనన్నాను. వెనక క్యూలో వాళ్ళంతా తిట్టారు (వాళ్ళ తిట్లు నాకు మాత్రమే వినపడుతున్నాయి, అదో అన్యాయం). ఆఖరికి ఒక పెద్ద డాక్టరమ్మ వచ్చి, కథంతా విని, ముసిముసిగా నవ్వి, నన్ను లేపి, కుర్చీ గోడ వైపు తిప్పించింది. ఇక అమ్మమ్మ మొరాయించింది. "పాసైనదాన్ని మళ్ళీ ఎందుకు కూర్చోవాలి? చెవిటిదాన్నని నలుగురిలో కాగితం రాయించుకోనా? నేను రాను, ఇంటికి పోదాం పద." నేను ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, మండపం మొత్తం వినేలా, "కోత పండక్కి పాట నువ్వు ఎత్తాలా, టీచరమ్మ ఎత్తాలా?" అని అరిచాను. ఆవిడ తనే వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది. శబ్దాలు మొదలయ్యాయి. ఆవిడ వేలు మోకాలి మీద అలాగే ఉంది. ఒకసారి సగం లేచి, అనుమానంగా ఆగి, మళ్ళీ పడిపోయింది. అన్ని రోజులుగా అందరితో కొట్లాడినదాన్ని, ఆ వేలు చూసి ఏడుపు ఆపుకోలేకపోయాను.

రెండు చెవులకీ మిషన్లు ఇచ్చారు. కోత పండగ ఆదివారం అయ్యగారు నంబరు చెప్పగానే టీచరమ్మగారు లేవబోయారు, అంతకు ముందే అమ్మమ్మ లేచింది. సరిగ్గా కీబోర్డు శ్రుతి మీద పల్లవి అందుకుంది. నేను మావయ్య వైపు చూసి చున్నీ సర్దుకున్నాను. రెండో లైన్ దాటాక అమ్మమ్మ ఠక్కున ఆగిపోయింది. నా వైపు తిరిగి, రహస్యంగా అనుకుని, సంఘమంతటికీ వినపడేలా, "ఏమే, ఇది నా గొంతేనా? ఇంత వణుకుతోందా? ఎవరూ చెప్పలేదేం?" అంది. ఆవిడ చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. తీసేస్తుందనుకున్నాను. తియ్యలేదు, ఇంకాస్త లోపలికి నొక్కుకుంది. "మొదటి నుంచీ కొట్టు నాయనా" అని కీబోర్డు ఆయనకి చెప్పి, ఆ వణికే గొంతుతోనే, ఒక్క చరణం వదలకుండా కీర్తన మొత్తం పాడింది. టీచరమ్మగారు కూర్చునే గొంతు కలిపారు.

సాయంత్రం పక్కన కూర్చుని "బాధపడ్డావా అమ్మమ్మా?" అని అడిగాను. "బాధ కాక మరి? వయసులో ఉన్నప్పుడు ఎట్టా ఉండేదో నా గొంతు" అంది. మళ్ళీ తనే, "అయితే? బాగోలేదని మానేస్తానా?" అంది. మా ఇంట్లో ఎదురు తిరగడం నాకొక్కదానికే చేతనవునని అనుకునేదాన్ని ఆ వయసులో. పిచ్చిపిల్లని.