మల్లయ్య రెండో గ్లాసు

2007లో మొయినాబాద్‌లో, చేవెళ్ల రోడ్డు మీద నాకు చాయ్ హోటల్ ఉండేది. సాఫ్ట్‌వేర్ జీతాలతో కొన్న కార్లు సెలవు రోజుల్లో ఫామ్‌హౌస్‌ల వైపు వరసగా పోయేవి. ఒక్కటీ నా దగ్గర ఆగేది కాదు. వాటి దుమ్ము మాత్రం పాలగిన్నె దాకా వచ్చేది.

నా గిరాకీ అంతా ఊళ్లవాళ్లదే. సురంగల్ ఊరి మల్లయ్య, అతని పక్క చేను అంజయ్య రోజూ పొద్దున వచ్చి వన్ బై టూ చెప్పేవారు. అంటే ఒక చాయ్‌ని రెండు గ్లాసుల్లో సగం సగం పోయాలి. అంజయ్య చేను అమ్మేసి, ఆ పైసలతో షాద్‌నగర్ అవతల భూమి కొనుక్కుని వెళ్లిపోయాడు. ఆ చేను చుట్టూ మల్లయ్య తలకంటే ఎత్తున గోడ లేచింది. మల్లయ్య ఒక్కడే వచ్చి మళ్లీ వన్ బై టూ అన్నాడు.

"ఇంకెవరొస్తున్నరే మల్లన్నా?"

"ఎవలొస్తరు సేటూ? రెండు గ్లాసులుంటే జర కూసున్నట్టుంటది."

ఒక గ్లాసు తాగి, ఎదుట గ్లాసు చల్లారాక అదీ తాగేవాడు. మధ్యాహ్నం, సాయంత్రం కూడా అంతే. అన్నం మీద ధ్యాస పోయింది.

కొన్నాళ్లకు తల తిరుగుతున్నదని చేవెళ్ల దవాఖానకు పోయాడు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ గోలీలు ఇచ్చి, చాయ్ తగ్గించమన్నారు. ఇక్కడే నా చదువు అడ్డం పడింది. ఏడో తరగతితో బడి మానేసినా, సమోసాలు కట్టే కాగితాన్ని కూడా చదవకుండా పొట్లం కట్టే మనిషిని కాను. మన ఒంట్లోని జన్యువుల్లో ఏది పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అన్నదాని మీద చాయ్, కాఫీల ప్రభావం ఉండవచ్చని పేపర్లో వస్తే, కత్తిరించి ధరల బోర్డు పక్కన అంటించాను. అదే మల్లయ్యకు చదివి వినిపించాను.

"అంటే చాయ్ సుత మందేనా?"

"పేపర్ల అచ్చేసిండ్రు. నా సొంత మాట కాదు."

మర్నాటి నుంచి గోలీ కూడా నా హోటల్లోనే, నా చాయ్‌తోనే మింగాడు. డికాక్షన్, అంటే పాలు కలపకముందు మరిగిన చాయ్ నీళ్లు, అతనికి కొంచెం చిక్కగానే పోసేవాణ్ణి.

మూడు నెలలకు బెంచీ మీద నుంచి పక్కకు ఒరిగి పడ్డాడు. ఆటోలో నేనే దవాఖానకు తీసుకుపోయాను.

"గోలీలు దేంతోని వేసుకుంటున్నవ్?" అని అడిగింది డాక్టరమ్మ.

"చాయ్‌తోని, అవ్వా. సేటు పేపరు సదివిండు."

ఆమె నావైపు తిరిగింది. "చాయ్ ఐరన్‌ను సరిగ్గ ఒంటికి పట్టనియ్యదు. గోలీలు చాలామట్టుకు మురికి మోరీల వేసినట్టే. జన్యువుల సంగతి ఇంకా తేలలేదు. ఈయన రక్తం సంగతి ఇప్పుడు చూడాలె. ఇదంత ఆ పేపర్ల రాయలేదా?"

రాశారు. చాయ్ మందు కాదని, తేలాల్సింది ఇంకా చాలా ఉందని చివరి పేరాలో రాశారు. బోర్డు పక్కన పట్టడం లేదని ఆ పేరాను కత్తిరించి పారేసింది నేనే. సగం మాట చెప్పి చేలు అమ్మించే బ్రోకర్లను ఏళ్లుగా తిట్టాను. నేను చేసిందీ అదే పని.

గోలీ నిమ్మకాయ నీళ్లతో వేసుకోవాలి, తర్వాత గంటదాకా చాయ్ ముట్టొద్దు అని చెప్పి పంపింది.  ఆటో మొయినాబాద్ దగ్గరపడ్డాక మల్లయ్య అడిగాడు.

"ఆ గంటసేపు యాడ కూసోవాలె సేటూ?"

నా హోటల్లో 'ఊరికే కూర్చోరాదు' అని ఒక బోర్డు ఉండేది. రాసింది నేనే.

ఆ బోర్డు పీకేశాను. పేపరు ముక్క చింపేశాను. పొద్దున నిమ్మకాయ నీళ్లు, గంట తర్వాత వన్ బై టూ. రెండో గ్లాసు అతని ఎదురుగా కూర్చుని నేనే తాగేవాణ్ణి. మాటలు పెద్దగా ఉండేవి కావు. కొన్ని నెలలకు అతని రక్తం పెరిగింది.

చాయ్ జన్యువులను ఏం చేస్తుందో ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను, చివరి పేరా దాకా. ఆ ఎదుటి గ్లాసుకు ఒక మనిషి కావాలని మాత్రం ఏ పేపరూ చెప్పనక్కర్లేదు, రోజూ దాన్ని నింపిన చెయ్యి నాదే. అయినా అది నాకు తెలియడానికి మల్లయ్య పడిపోవాల్సి వచ్చింది.